ల్యాపరోస్కోపీ ఆపరేషన్ తర్వాత మొదటి ఆరు వారాలు: నొప్పి తగ్గించుకుంటూ కోలుకునే క్రమం

పిత్తాశయంలో రాళ్లు, అపెండిక్స్, హెర్నియా, గర్భసంచి, అండాశయంలో నీటి గడ్డలు. ఇలాంటి ఆపరేషన్లు నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా ఇప్పుడు చాలావరకు ల్యాపరోస్కోపీలోనే, అంటే చిన్న గాట్ల నుంచి కెమెరా, పరికరాలు లోపలికి పంపి చేస్తున్నారు. రెండో రోజో మూడో రోజో ఇంటికి పంపించేస్తారు. అసలు సందేహాలన్నీ ఇంటికి వెళ్లాకే మొదలవుతాయి. సర్జికల్ వార్డులో నర్సుగా పనిచేసే నాకు డిశ్చార్జ్ అయినవాళ్ల నుంచి వచ్చే ఫోన్లు దాదాపు ఒకే రకం. భుజం ఎందుకు లాగుతోంది, నొప్పి మాత్ర ఆపేయొచ్చా, మోషన్ రావడం లేదు, పప్పు తింటే చీము పడుతుందంటున్నారు నిజమేనా?

పైకి కనిపించేవి మూడు నాలుగు చిన్న గాట్లే. లోపల జరిగింది మాత్రం చిన్న ఆపరేషన్ కాదు. "నాలుగు రంధ్రాలేగా, ఏమైంది నీకు" అని ఇంట్లోవాళ్లు అంటారు. ఆ మాట విని పేషెంటు కూడా రెండో రోజే మాత్ర మానేస్తారు. ఇక నొప్పికి భయపడి దగ్గరు, నడవరు, నిండుగా ఊపిరి తీసుకోరు. ఆ తర్వాత ఛాతీలో కఫం, మలబద్ధకం, జ్వరం వరసగా వచ్చి పడతాయి. అందుకే నేను అందరికీ చెప్పే వరస ఒకటే. ముందు నొప్పి అదుపులోకి రావాలి. దాని ఆసరాతో ఊపిరి, నడక సాగాలి. మిగతావన్నీ ఆ తర్వాత.

మీ డాక్టరు చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా కనిపిస్తే మీ డాక్టరు మాటే పాటించండి. లోపల ఏం చేశారో ఆయనకే తెలుసు.

## 1. ఆపరేషన్‌కి ముందే ఇంట్లో సిద్ధం చేసుకోవాల్సినవి

ఈ పనులు వచ్చాక చూసుకుందాం అనుకోవద్దు. వచ్చాక ఎవరికీ ఓపిక ఉండదు.

- మంచం: నులక మంచం, వదులైన నవారు మంచం వద్దు. మధ్యలో గుంట పడుతుంది కాబట్టి లేచేటప్పుడు భారమంతా పొట్ట మీదే పడుతుంది. చెక్క మంచం, కాస్త గట్టి పరుపు మంచిది. మొదటి రెండు వారాలు నేల మీద చాప కూడా వద్దు.
- తలగడలు: కనీసం మూడు. రెండు తల కింద, ఒకటి పొట్టకి అదిమి పట్టుకోవడానికి.
- బాత్రూం: ఇండియన్ లెట్రిన్ మాత్రమే ఉంటే పైన పెట్టుకునే కమోడ్ కుర్చీ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. లోపల పట్టుకుని లేవడానికి ఏదో ఒక ఆధారం ఉండాలి.
- బట్టలు: ఆడవాళ్లకి వదులు నైటీలు. మగవాళ్లకి వదులు ఎలాస్టిక్ షార్టు, లేదంటే ముడి పక్కకి వేసుకునేలా లుంగీ.
- థర్మామీటరు, విరేచనం సాఫీగా అయ్యే మందు: ఇసబ్‌గోల్, లాక్టులోజ్ లాంటివాటిలో ఏది వాడాలో డాక్టరుని ముందే అడిగి తెచ్చిపెట్టుకోండి.
- మూడు బంతుల స్పైరోమీటర్ (గాలి పీల్చి ఊపిరితిత్తులకి కసరత్తు ఇచ్చే పరికరం): డాక్టరు రాస్తే ఆపరేషన్‌కి ముందే కొని ఇంట్లో అలవాటు చేసుకోండి.
- మనిషి సాయం: మత్తు ఇచ్చిన తర్వాత మొదటి 24 గంటలు పక్కన పెద్ద మనిషి ఒకరు ఉండాలి. ఆ 24 గంటల్లో బండి నడపడం, కాగితాల మీద సంతకాలు పెట్టడం రెండూ వద్దు.

బట్టల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కావలి వైపు నుంచి వచ్చిన ఒకామె, బొడ్డు దగ్గర ప్లాస్టర్ అంచు రోజూ ఎర్రగా తడుస్తోందని భయపడుతూ వచ్చింది. విప్పి చూస్తే కుట్టు బాగానే ఉంది. చీర కట్టుకున్నప్పుడు లంగా బొందు ముడి సరిగ్గా ఆ కుట్టు మీదే పడి, వంగినప్పుడల్లా రాసుకుంటోంది. నైటీలోకి మారాక రెండు మూడు రోజుల్లో ఆరిపోయింది. ప్యాంటు బెల్టు, లుంగీ ముడి కూడా ఇదే పని చేస్తాయి.

బీడీ, సిగరెట్ తాగేవాళ్లు ఆపరేషన్‌కి ఎన్ని రోజుల ముందు మానేస్తే అంత లాభం. నాలుగు వారాల ముందు మానితే ఇంకా మంచిది. పొగ వల్ల దగ్గు పెరుగుతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది. హెర్నియా చేయించుకున్నవాళ్లకి దగ్గే పెద్ద శత్రువు.

## 2. ఏ నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో గుర్తుపట్టడం

అన్ని నొప్పులూ ఒకటి కాదు. ఏది ఏదో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

భుజం నొప్పి. "ఏందక్కా, చేసింది పొట్టకైతే బుజం లాగతా ఉంది, గుండె నొప్పేమో" అని రాత్రిపూట ఫోన్లు వచ్చేది దీని గురించే. లోపల పని చేయడానికి చోటు కావాలి కాబట్టి పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపుతారు. పని అయ్యాక వదిలేసినా కొంత మిగిలి, పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రం అనే కండర పొర కింద చేరుతుంది. ఆ పొర నుంచి వచ్చే నరమూ, భుజం దగ్గరి చర్మం నరాలూ మెడ భాగంలో వెన్నుపాముని ఒకే చోట చేరతాయి. అందుకే డయాఫ్రం ఒరుసుకుంటే మెదడుకి అది భుజం నొప్పిలా తెలుస్తుంది.

ఇది కూర్చుంటే, నిలబడితే పెరుగుతుంది. వెల్లకిలా పడుకుంటే తగ్గుతుంది. చాలామందికి రెండు మూడు రోజుల్లో పోతుంది, కొందరికి వారం దాకా ఉంటుంది. ఆ వాయువు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోవాల్సిందే. ఇది పేగుల్లో గ్యాస్ కాదు కాబట్టి ఈనో తాగినా, గోలీ సోడా తాగినా పోదు. సోడా తాగితే పొట్ట ఇంకా ఉబ్బి కుట్లు లాగుతాయి. గోరువెచ్చని నీళ్ల సంచి భుజం మీద పది నిమిషాలు పెట్టుకోవడం, చిన్న చిన్న నడకలు, నిండుగా ఊపిరి తీసుకోవడం, వేళకి మాత్ర. ఇవే దీనికి మందు.

ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉండి, చెమటలు పట్టి, ఆయాసం వచ్చి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే మాత్రం గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

గాట్ల దగ్గర నొప్పి. బొడ్డు దగ్గర గాటే ఎక్కువ నొప్పిస్తుంది. సాధారణంగా పెద్ద గొట్టం వెళ్లేది, పిత్తాశయం లాంటివి బయటికి తీసేది అక్కడి నుంచే. మొదటి మూడు రోజులు గట్టిగా ఉండి తర్వాత తగ్గుతూ వస్తుంది. చుట్టూ నీలంగా కమిలి, తర్వాత పసుపు రంగుకి మారి పోవడం మామూలే. హెర్నియా చేయించుకున్న మగవాళ్లకి ఆ కమిలిన రంగు వృషణాల దాకా దిగి వాచినట్టు కనిపిస్తుంది. చూసి హడలిపోవద్దు గానీ, వాపు గట్టిపడుతూ పెరుగుతుంటే చూపించండి.

లోపలి నొప్పి. పిత్తాశయం తీసినవాళ్లకి కుడి పక్కటెముకల కింద, గర్భసంచి తీసినవాళ్లకి పొత్తికడుపులో నెలసరి నొప్పిలా బరువుగా ఉంటుంది.

గొంతు నొప్పి. మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో వేసిన గొట్టం వల్ల వస్తుంది. డాక్టరు నీళ్లు తాగొచ్చు అన్నాక గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

అన్నిటికీ కలిపి ఒక గుర్తు పెట్టుకోండి. నిన్నటి కంటే ఈ రోజు కాస్త తగ్గాలి. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం మొదలైతే కారణం వెతకాల్సిందే.

## 3. డిశ్చార్జ్ రోజు అడగాల్సినవి, ఇంటికి ప్రయాణం

చీటీ చేతికివ్వగానే బయల్దేరకండి. ఇవి అడిగి రాయించుకోండి:

- కుట్లు కరిగిపోయేవా, తీయించుకోవాల్సినవా? తీయాలంటే ఏ రోజు?
- ప్లాస్టర్ ఎప్పుడు తీయాలి, స్నానం ఎప్పటి నుంచి?
- ఏ మాత్ర ఎన్ని రోజులు? ఏది తిండికి ముందు, ఏది తర్వాత?
- బీపీ, షుగర్ మందులు, రక్తం పలచబడే మందులు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?
- తీసిన భాగాన్ని బయాప్సీకి పంపారా? రిపోర్టు ఎప్పుడు వస్తుంది?
- రాత్రిపూట ఇబ్బంది వస్తే ఏ నంబరుకి చేయాలి?

ఆరోగ్యశ్రీ కింద చేయించుకుంటే, అంటే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, ఫాలో అప్‌కి ఎప్పుడు రావాలో, ఏ కాగితాలు తేవాలో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని అడిగి వెళ్లండి.

ఉదయగిరి, కనిగిరి, పామూరు వైపు వెళ్లేవాళ్లకి ప్రయాణమే మొదటి పరీక్ష. బయల్దేరడానికి ముప్పావు గంట ముందు వేళకి వేసుకోవాల్సిన నొప్పి మాత్ర వేసుకోండి. కారైతే ముందు సీటు కాస్త వెనక్కి వాల్చి, సీటు బెల్టుకీ పొట్టకీ మధ్య తలగడ పెట్టుకోండి. బెల్టు మానేయడం మాత్రం వద్దు. బస్సు తప్పదంటే వెనక చక్రాల మీద వచ్చే సీటు కాకుండా ముందు భాగంలో కూర్చోండి. షేర్ ఆటో, టూవీలర్ వద్దు. గంటకోసారి దిగి నాలుగు అడుగులు నడవండి. స్పీడ్ బ్రేకర్లు రాకముందే తలగడ పొట్టకి అదిమి పట్టుకోండి.

## 4. నొప్పి మాత్రల టైం టేబుల్

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. "నొప్పి ఉంటేనే వేసుకుంటాను" అనేది మొదటి మూడు రోజులకి పనికొచ్చే మాట కాదు. ముదిరిన నొప్పిని తగ్గించడానికి ఎక్కువ మందు కావాలి, ఎక్కువ సేపూ పడుతుంది. నొప్పి తలెత్తకముందే మాత్ర ఒంట్లో ఉండాలి.

పారాసిటమాల్ 650 రోజుకి నాలుగు సార్లు రాశారనుకుందాం. ఇలా పంచుకోండి:

1. ఉదయం 6 గంటలకి
2. మధ్యాహ్నం 12 గంటలకి
3. సాయంత్రం 6 గంటలకి
4. రాత్రి పడుకునే ముందు 11 గంటలకి

మొత్తం 2600 మిల్లీగ్రాములు అవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజులో 4 గ్రాములు దాటకూడదు. ఇంటి దగ్గర 3 గ్రాముల లోపు ఉంచుకోవడం క్షేమం. కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు, బాగా బక్కపలచగా ఉన్నవాళ్లు ఇంకా తక్కువ వాడాలి, ఎంతో డాక్టరే చెప్పాలి.

ఒకే మందు రెండు పేర్లతో. డోలో 650 పారాసిటమాల్. జీరోడాల్-పీలో అసిక్లోఫినాక్‌తో పాటు 325 పారాసిటమాల్ ఉంది. అల్ట్రాసెట్‌లో ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందుతో పాటు మళ్లీ 325 పారాసిటమాల్. మూడూ వేరే వేరే మందులనుకుని వేసుకుంటూ పోతే తెలియకుండానే మోతాదు దాటిపోతారు. స్ట్రిప్ వెనక రాసినది చదవండి, చదవలేకపోతే మందుల షాపులో చదివించుకోండి.

డైక్లోఫినాక్, అసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ రకం. వాపుతో ఉన్న నొప్పికి బాగా పనిచేస్తాయి. తిన్నాకే వేసుకోవాలి, రాసినన్ని రోజులే వాడాలి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు. ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతాల్లో కిడ్నీ సమస్యలున్న వాళ్లు చాలామంది ఉన్నారు. రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే లెక్క) ఎక్కువ ఉందని ఎప్పుడైనా చెప్పి ఉంటే ఆ రిపోర్టు ముందే చూపించండి.

కడుపులో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ రాస్తే టిఫిన్‌కి అరగంట ముందు.

ట్రమడాల్ తల తిప్పుతుంది, వికారం తెస్తుంది, మలబద్ధకం చేస్తుంది. ఇది వేసుకున్న రోజుల్లో బండి నడపొద్దు. వాంతులవుతుంటే బలవంతాన మింగకుండా మార్చమని అడగండి.

తగ్గించే వరస. మూడు రకాలూ రాసి ఉంటే ముందు ట్రమడాల్ ఆపాలి, తర్వాత డైక్లోఫినాక్ రకం, చివరగా పారాసిటమాల్. అన్నీ ఒకేసారి ఆపేసి రాత్రంతా మూలుగుతూ గడిపినవాళ్లని చూశాను. నాలుగో రోజు నుంచి మధ్యాహ్నం మాత్ర వదిలేసి చూడండి. సాయంత్రం దాకా మామూలుగా తిరగగలిగితే మరునాడు ఇంకొకటి తగ్గించండి.

యాంటీబయాటిక్ నొప్పి మాత్ర కాదు. రాసినన్ని రోజులు వాడి ఆపేయాలి. మధ్యలో మానొద్దు, షాపులో కొని పొడిగించొద్దు.

ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర ఒక సూది వేయించుకుంటే పోతుందని పెద్దవాళ్లు అంటారు. ఆ సూది చాలాసార్లు మీరు మింగుతున్న మందే అయి ఉంటుంది. పైగా లోపల మొదలైన ఇబ్బందిని ఒకటి రెండు రోజులు కప్పిపెడుతుంది. డిశ్చార్జ్ చీటీ చూపించకుండా, మీ సర్జన్‌ని అడగకుండా సూది వద్దు.

## 5. లేవడం, దగ్గడం, ఊపిరి

వెల్లకిలా పడుకున్న మనిషిని చెయ్యి పట్టి లాగి లేపడం ప్రతి ఇంట్లోనూ జరిగే పొరపాటు. ప్రేమతోనే లాగుతారు గానీ బొడ్డు దగ్గర కుట్టు మీద పడే బలం అంతా ఇంతా కాదు. ఇలా లేవాలి:

1. రెండు మోకాళ్లూ మడిచి పాదాలు మంచం మీద ఆనించండి.
2. భుజాలు, నడుము, మోకాళ్లు ఒకేసారి కదిలేలా పక్కకి ఒత్తిగిలండి.
3. మంచం అంచు దాకా జరిగి కాళ్లు కిందికి దించండి.
4. కింద ఉన్న మోచేత్తో, పైచేతి అరచేత్తో పరుపుని నెడుతూ, నోటితో గాలి వదులుతూ లేచి కూర్చోండి.
5. ఒక నిమిషం అలాగే కూర్చోండి. తల తిరగడం లేదని తెలిశాక నిలబడండి.

పక్కనున్నవాళ్లు చేయాల్సింది వీపు వెనక చెయ్యి ఆసరా ఇవ్వడం, అంతే.

దగ్గు, తుమ్ము వచ్చేటప్పుడు తలగడ గానీ మడిచిన టవల్ గానీ రెండు చేతులతో పొట్టకి గట్టిగా అదిమి, కాస్త ముందుకి వంగి దగ్గండి. దగ్గితే కుట్లు తెగిపోతాయన్న భయంతో కఫం మింగేస్తుంటారు. ఇలా ఆసరా పెట్టి దగ్గితే కుట్లకి ఏమీ కాదు. ఛాతీలో కఫం నిలిచిపోతేనే ప్రమాదం.

మెలకువగా ఉన్నంతసేపు గంటకి పది నిండు ఊపిర్లు తీసుకోండి. స్పైరోమీటర్ ఇస్తే బంతుల్ని పైకి లేపడానికి గాలి పీల్చాలి. చాలామంది ఊదుతారు, ఉపయోగం ఉండదు. మొదటి రోజు ఒక బంతి లేచినా చాలు. పడుకునేటప్పుడు తల, వీపు కాస్త ఎత్తులో ఉండేలా తలగడలు పెట్టుకోండి. కొందరికి మొదటి రెండు రాత్రులు పడక కుర్చీలోనే హాయిగా ఉంటుంది, తప్పేం లేదు.

## 6. నడక

చాలా ఆపరేషన్లలో అదే రోజు సాయంత్రమో మరునాడు పొద్దున్నో నడిపిస్తారు. ఇంటికొచ్చాక దాన్ని ఆపకూడదు. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టకుండా, పేగులు మళ్లీ కదిలేలా చేసేది నడకే.

- 1 నుంచి 3 రోజులు: ఇంట్లోనే, ఐదు నిమిషాలు, రోజుకి ఐదారు సార్లు.
- 4 నుంచి 7 రోజులు: పది పదిహేను నిమిషాలు, మూడు సార్లు.
- రెండో వారం: వీధిలో అరగంట దాకా.

నెల్లూరు ఎండాకాలంలో పొద్దున ఏడు లోపు, సాయంత్రం ఆరు దాటాక మాత్రమే బయట నడవండి. మెట్లు ఎక్కొచ్చు, నెమ్మదిగా, పక్కన పట్టుకుని. పడుకున్నప్పుడు పాదాలు ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఉండండి.

## 7. మోషన్, మూత్రం

మత్తు మందు, ట్రమడాల్, తిండి తగ్గడం, కదలకపోవడం కలిసి రెండు మూడు రోజులు మోషన్ రాకపోవచ్చు. కింది నుంచి గాలి పోతూ, పొట్ట మెత్తగా ఉంటే కంగారు లేదు.

గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమని చెప్పి ఉండకపోతే రోజుకి రెండు, రెండున్నర లీటర్లు తాగండి. పల్చటి మజ్జిగ, కొబ్బరి నీళ్లు అందులోకే. ఇసబ్‌గోల్ వేసుకుంటే గ్లాసు నిండా నీళ్లు తాగాలి. నీళ్లు తక్కువైతే అదే గట్టిపడుతుంది. కమోడ్ మీద కూర్చున్నప్పుడు పాదాల కింద చిన్న పీట పెట్టుకుంటే ముక్కాల్సిన పని తగ్గుతుంది. ఎనిమా సొంతంగా పెట్టుకోవద్దు.

గాలి కూడా పోకుండా పొట్ట బిగుసుకుని వాంతులవుతుంటే అది మలబద్ధకం కాదు, ఆసుపత్రికి వెళ్లాలి. ఇంటికొచ్చాక ఆరు నుంచి ఎనిమిది గంటలు దాటినా మూత్రం రాకపోయినా అంతే. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దాయనలకి హెర్నియా తర్వాత ఇది వచ్చే అవకాశం ఎక్కువ.

## 8. తిండి, పత్యం

పత్యం పేరుతో పేషెంటుని ఎండగట్టడం మన దగ్గర ఇంకా ఉంది. పప్పు చీము పడుతుందని మానేస్తారు, గుడ్డు వేడని, చేప దురదని, పెరుగు జలుబని పక్కన పెడతారు. చివరికి వారం రోజులు కారప్పొడి అన్నమే మిగులుతుంది. గాయం పూడాలంటే ప్రొటీన్ కావాలి. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. ఈ ఒక్క అలవాటు మారితే గాయాలు ఎంత బాగా మానతాయో నేను వార్డులో చూస్తూనే ఉన్నాను.

మొదటి రెండు రోజులు ఇడ్లీ, రాగి జావ, మెత్తగా ఉడికిన మొలగొలుకుల అన్నంలో మజ్జిగ, పలుచటి పెసరపప్పు. కొంచెం కొంచెంగా ఐదారు సార్లు. మూడో రోజు నుంచి ఉడికిన గుడ్డు, పప్పు, పెరుగు, ఆకుకూర, బొప్పాయి, అరటిపండు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు, పెరుగు ఉంటే మంచి మొదలే.

చేపల పులుసు ఎప్పుడు తినొచ్చని అడగని నెల్లూరు పేషెంటు ఉండరు. చేప ముక్క మంచిదే, త్వరగా అరుగుతుంది. ఇబ్బందంతా నూనె, చింతపండు, కారంతోనే. మొదటి వారం తక్కువ నూనెతో పల్చగా చేసిన కూరలో ముక్కలు తినండి. ఒంటికి పడితే రెండో వారంలో కారం తగ్గించిన పులుసు కొద్దిగా మొదలుపెట్టండి.

పిత్తాశయం తీసినవాళ్లు మొదటి మూడు నాలుగు వారాలు నూనె, నెయ్యి, బిర్యానీ, వేపుళ్లు తగ్గించాలి. పిత్తరసం ఇప్పుడు నిల్వ ఉండే చోటు లేక ఎప్పటికప్పుడు నేరుగా పేగులోకి జారుతుంది. ఒకేసారి కొవ్వు ఎక్కువ తింటే నీళ్ల విరేచనాలు అవుతాయి. ఎక్కువమందికి ఇది క్రమంగా సర్దుకుంటుంది.

షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లో రోజూ చూసుకోండి. షుగర్ ఎక్కువగా ఉంటే గాయం మానడం ఆలస్యమవుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది.

## 9. గాయాలు, స్నానం

- చేతులు సబ్బుతో కడుక్కోకుండా గాయాన్ని ముట్టొద్దు.
- డాక్టరు వద్దనకపోతే ఒకటి రెండు రోజుల తర్వాత చెంబుతో స్నానం చేయొచ్చు. స్టూలు మీద కూర్చుని, వేరేవాళ్లతో నీళ్లు తోడించుకోండి. బకెట్ ఎత్తడం వద్దు.
- సబ్బు నురగ గాట్ల మీదుగా పోతే చాలు, రుద్దొద్దు. మెత్తటి పొడి బట్టతో అద్దండి. బొడ్డు లోపల తడి నిలవకుండా చూడండి.
- పసుపు, కొబ్బరి నూనె, పౌడరు, బూడిద, కుంకుమ ఏదీ పెట్టొద్దు.
- అతికించిన కాగితపు పట్టీలు, జిగురు వాటంతటవే ఊడాలి. పీకొద్దు.
- చెరువు, కాలువ, సముద్ర స్నానాలు గాయాలు పూర్తిగా మానేదాకా వద్దు. మైపాడు బీచ్‌కి వెళ్లినా ఒడ్డునే.

మన ఉక్కపోతలో చెమట ప్లాస్టర్ కింద నిలిచి చర్మం చీదరగా తయారవుతుంది. ప్లాస్టర్ తడిస్తే మార్పించుకోండి. రోజూ ఒకే వెలుతురులో గాయాల్ని ఫోన్‌తో ఫోటో తీసుకోవడం మంచి అలవాటు. ఎరుపు పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ఫోటోలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది, డాక్టరుకి చూపించడమూ తేలిక.

పొట్ట బెల్టు అందరికీ అక్కర్లేదు. డాక్టరు చెప్పి ఉంటే నడిచేటప్పుడు పెట్టుకుని, పడుకునేటప్పుడు తీసేయండి. ఊపిరి ఆడనంత బిగించొద్దు.

## 10. ఏ పని ఎప్పుడు

చర్మం వారం పది రోజుల్లో అతుక్కుంటుంది. లోపలి పొరకి బలం రావడానికి మరికొన్ని వారాలు కావాలి. మొదటి రెండు వారాలు నాలుగైదు కిలోలకి మించి ఎత్తొద్దు. నిండు బిందెలో పదిహేను లీటర్లు పడితే అదే పదిహేను కిలోలు. వాటర్ క్యాన్ ఇరవై. నిండు గ్యాస్ బండ దాదాపు ముప్పై. చంటిపిల్లల్ని ఎత్తుకోకుండా కూర్చున్నప్పుడు ఒళ్లోకి ఇప్పించుకోండి.

- కూర్చుని చేసే పని, చదువు: ఒకటి నుంచి రెండు వారాలు.
- టూవీలర్: నొప్పి మాత్ర మత్తు లేకుండా, సడన్ బ్రేక్ వేసినా పొట్ట లాగదు అన్న నమ్మకం వచ్చాకే. సాధారణంగా రెండు వారాలు. కిక్ కొట్టి స్టార్ట్ చేయడం ఇంకా ఆలస్యం.
- నిలబడి చేసే షాపు పని, వంట: రెండు వారాల నుంచి, మధ్యమధ్యలో కూర్చుంటూ.
- బరువు పని: రొయ్యల చెరువుల మీద మేత బస్తాలు మోసేవాళ్లు, చీమకుర్తి గ్రానైట్ పనివాళ్లు, పొగాకు బ్యారన్ల దగ్గర కర్రలు అందించేవాళ్లు, గేదెల పని చేసేవాళ్లు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. హెర్నియాకి వల (మెష్) వేసి ఉంటే డాక్టరు పరీక్షించి చెప్పేదాకా.
- దాంపత్యం: నొప్పి లేకపోతే రెండు మూడు వారాల తర్వాత. గర్భసంచి తీసినవాళ్లకి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పరీక్ష చేయించుకున్నాకే.

కూలి పోతుందని పదో రోజే బస్తా ఎత్తేవాళ్ల కష్టం నాకు అర్థమవుతుంది. యజమానికి డిశ్చార్జ్ చీటీ చూపించి ఆ నెల లెక్కలు రాయడం, కాపలా లాంటి పనికి మార్చమని అడగండి. బొడ్డు గాటు దగ్గర మళ్లీ హెర్నియా వస్తే ఇంకో ఆపరేషన్ ఖర్చు, ఇంకో నెల కూలి పోతాయి.

రెండో వారంలో నొప్పి పోయినా నీరసం వదలదు. పగలు నిద్ర ముంచుకొస్తుంది, ఊరికే ఏడుపు వస్తుంది. అది మామూలే. పగలు ఒక గంట పడుకోనివ్వండి, "ఇంకా లేవలేదా" అనకండి.

## 11. ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన గుర్తులు

ఈ జాబితాని ఫ్రిజ్ మీదో తలుపు వెనకో అంటించండి:

- 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, చలి వణుకు
- తగ్గిన నొప్పి మళ్లీ పెరగడం, పొట్ట గట్టిపడటం
- నీళ్లు కూడా నిలవని వాంతులు
- కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో, మలం తెల్లగా రావడం, ముఖ్యంగా పిత్తాశయం తీసినవాళ్లకి
- గాయం చుట్టూ ఎరుపు, వేడి పెరగడం, చీము, వాసన
- ప్లాస్టర్ తడిసిపోయేంత రక్తం, గర్భసంచి తీసినవాళ్లకి ప్యాడ్ నిండేంత రక్తస్రావం
- ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం
- ఆయాసం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం: నేరుగా 108

వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ చీటీ, వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్పులు, గాయం ఫోటోలు పట్టుకెళ్లండి. వీలైతే ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి. దూరమైతే దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలో చూపించి, అక్కడి నుంచి మీ సర్జన్‌తో మాట్లాడించండి.

## 12. నెల తర్వాత గాటు దగ్గర గడ్డ కనిపిస్తే

అంతా మానిపోయింది అనుకున్నాక, మూడు నాలుగు వారాలకో ఇంకా ఆలస్యంగానో కొందరికి గాటు దగ్గర చిన్న గట్టి గడ్డ లేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, జ్వరం ఉండదు, పల్చటి నీరులాంటిది కారుతూ ఉంటుంది. ఊళ్లో ఇచ్చిన యాంటీబయాటిక్ వాడితే ఆగినట్టే ఆగి మళ్లీ మొదలవుతుంది.

క్షయ క్రిమి జాతికి దగ్గరి క్రిములు కొన్నిసార్లు ఇలా చేస్తాయి. వాటికి మామూలు యాంటీబయాటిక్స్ పనిచేయవు. కోర్సులు మార్చి మార్చి వాడకుండా సర్జన్ దగ్గరికే వెళ్లి, కారే ద్రవాన్ని గానీ కణజాలాన్ని గానీ కల్చర్‌కి, అంటే క్రిమిని ల్యాబులో పెంచి గుర్తించే పరీక్షకి పంపమని, ఈ రకం క్రిముల కోసం కూడా చూడమని అడగండి. ఏ క్రిమో తేలితే సరైన మందులు నెలల తరబడి వాడాల్సి రావచ్చు, కానీ తగ్గుతుంది.

దగ్గినప్పుడు ఉబ్బి పడుకుంటే లోపలికి పోయే వాపు అయితే అది గాటు దగ్గర వచ్చిన హెర్నియా కావచ్చు. ఆ రోజు నుంచే బరువులు ఆపి, అదే వారంలో చూపించండి. ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే ఆ పూటే వెళ్లాలి.